గురువారం జుమ్మేరాత్... శుక్రవారం చోర్ బజార్!

పాత సామాన్ల సంతలు తిరగడం, దొరికినవాటిని సెల్‌ఫోన్‌లోని దుకాణంలో పెట్టి అమ్మడం... వినడానికి సరదాగానే ఉంటుంది. ఆ సరదా వెనక ఎన్ని మైళ్ల ప్రయాణం, ఎన్ని దెబ్బలు, ఎంత లెక్క ఉంటుందో హైదరాబాద్‌కి చెందిన ఓ గృహిణి సంచీ విప్పి చూస్తే తెలుస్తుంది.

గురువారం. ఉదయం ఆరున్నర. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో రోడ్డు పక్కన పట్టాలు పరుస్తున్నారు. ఒక్కో పట్టా మీద ఒక్కో లోకం. ఒకచోట తుప్పుపట్టిన పానాలు, నల్లా కుళాయిలు, తాళం లేని చెవులు, చెవి లేని తాళాలు. పక్కనే పనిచేస్తుందో లేదో అమ్మేవాడికీ తెలియని మిక్సీ. ఆ పక్కన రిమోట్ల గుట్ట. ఇంకాస్త ముందుకెళ్తే జీన్సు ప్యాంట్లు, బూట్లు, పిల్లల సైకిలు. వాటి మధ్య ఎక్కడో ఒకచోట, ఎవరింట్లోంచో వచ్చిన ఓ ఇత్తడి మరచెంబు.

ఆమె చెయ్యి నేరుగా దాని మీదికి వెళ్లదు. ముందు కుళాయి తీసి చూస్తారు. తర్వాత సుత్తి. ఆ తర్వాత, అక్కర్లేనట్టు చెంబు.

''ఎంత తమ్ముడూ?''

''ఏడొందలియ్యి అక్కా. బోణీ చేస్తున్నవని చెప్తున్న.''

''మూత లేదుగా.''

''మూతుంటే నీకెందుకు దొరుకుతది? దుకాణంల పెడుదురు.''

మాట నిజమే. అయిదొందల యాభైకి బేరం కుదిరింది. మరచెంబుకి ప్రాణమంతా మూతలోనే. బస్సుల్లో, రైళ్లలో ప్లాస్టిక్ సీసాలు రాకముందు మంచినీళ్లు తీసుకెళ్లింది ఇందులోనే. మూత బిగిస్తే చుక్క కారదు. చేత్తో తీసిన మరలు కాబట్టి ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. ఆమె ఇంట్లో ఓ బిస్కెట్ డబ్బా నిండా చెంబుల్లేని మూతలున్నాయి. మొత్తం పదకొండు. వాటిలో ఏదో ఒకటి దీనికి పట్టకపోతుందా అన్న ఆశ.

మల్కాజిగిరిలో ఉంటారామె. భర్త ఉద్యోగి. ఇద్దరు పిల్లలు. పేరు మాత్రం రాయొద్దన్నారు. కారణం సిగ్గు కాదు. పేపర్లో పడితే వచ్చే గురువారం అందరూ ధర పెంచేస్తారట!

వారాలే చిరునామాలు

పాత సామాన్ల సంతల్లో ఓ సౌకర్యం ఉంది. అన్నీ ఒకేరోజు జరగవు. జుమ్మేరాత్ అంటేనే ఉర్దూలో గురువారం. అది ఆ బజారు రోజు. ముంబయి చోర్ బజార్‌లో పాత సరుకు రోడ్డు మీదికొచ్చేది శుక్రవారం. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం. అబిడ్స్‌లో పాత పుస్తకాలూ ఆదివారమే. పుదుచ్చేరిలో గాంధీ వీధి కూడా ఆదివారం నాడే సంతగా మారుతుంది. అంటే తిరిగే ఓపికుంటే గురువారం ఇక్కడ, శుక్రవారం అక్కడ, ఆదివారం మళ్లీ ఇక్కడ. నెలకోసారి ఆమె చేసే ప్రయాణం అదే.

ఇలాంటి సంతల్ని ఇంగ్లిష్‌లో 'ఫ్లీ మార్కెట్' అంటారు. ఫ్లీ అంటే పేలలాంటి పురుగు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో చెత్త ఏరుకుని బతికేవాళ్లు నగరం గోడల బయటికి చేరి పాత బట్టలు, సామాన్లు అమ్ముకునేవారు. ఆ బట్టల్లో పురుగులుంటాయని జనం పెట్టిన ఎగతాళి పేరే చివరికి నిలిచిపోయిందంటారు. అక్కడి సెంట్-ఓవెన్ సంత ఇప్పుడు ప్రపంచంలోని యాత్రికులంతా వెళ్లే చోటు. లిస్బన్‌లోనూ ఓ పేరున్న సంత ఉంది. వారానికి రెండుసార్లు, మంగళ, శనివారాల్లో.

మనకి ఆ పేర్లు అక్కర్లేదు. ఆదివారం ఎర్రగడ్డ వెళ్లొచ్చానంటే చాలు, హైదరాబాద్‌లో ఎవరికైనా అర్థమైపోతుంది.

మధ్యాహ్నం రైలు

జుమ్మేరాత్ బజార్‌లో కొన్నవాటిని ఇంట్లో పడేసి, మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ అందుకుంటే తెల్లవారేసరికి ముంబయి. సరిగ్గా సంత మొదలయ్యే వేళ. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగి లోకల్ రైలెక్కితే మస్జిద్ తర్వాత శాండ్‌హర్స్ట్ రోడ్. అక్కణ్నుంచి నడకే. బెండీ బజార్ దాటితే మటన్ స్ట్రీట్.

మిగతా రోజుల్లో మటన్ స్ట్రీట్ అంటే పాతవస్తువుల దుకాణాలు. ఓడల నుంచి విప్పిన దీపాలు, గ్రామఫోన్లు, సినిమా పోస్టర్లు, గోడగడియారాలు. శుక్రవారం ఆ దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. వాటి ముందు, సందుల్లో, బండ్ల మీద అసలైన పాత సామాను దిగుతుంది. చీకట్లోనే టార్చిలైట్లు పట్టుకుని వచ్చేవాళ్లుంటారు. వాళ్లలో సగంమంది ఆ దుకాణదారులే! తెల్లారి వెళ్లినవారికి వాళ్లు వదిలేసినవే మిగులుతాయి.

ఇది మొదట 'షోర్ బజార్' అనీ, అంటే గోలగోలగా ఉండే బజారనీ, తెల్లవాళ్ల నోట్లో పడి 'చోర్' అయిందనీ ఓ కథ. తర్వాత పేరుకి తగ్గట్టు దొంగసొత్తు కూడా చేరిందంటారు. ఏది నిజమైనా ఆమె ఓ నియమం పెట్టుకున్నారు. సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు, గుడి సామాను... ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోరు. దొంగిలించిందని తెలిసి కొంటే కొన్నవాళ్లూ నేరస్థులే.

ఈ బజారుకి కూతవేటు దూరంలో కామాఠీపురా. ఆ పేరు తెచ్చింది మన తెలుగువాళ్లే. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్లి ముంబయి కట్టడాల్లో రాళ్లు మోసిన కామాఠీలు స్థిరపడిన చోటది. ఆ వీధుల్లో ఇప్పటికీ తెలుగు మాట వినిపిస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు దారి తప్పి, ఓ టీ కొట్టు దగ్గర ఎవరో తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చిందట ఆమెకి.

సామానెంత కొన్నా తిరుగు ప్రయాణంలో ఓ హద్దుంది. స్లీపర్‌లోనైనా, థర్డ్ ఏసీలోనైనా ఒక్కరికి ఉచితంగా తీసుకెళ్లనిచ్చేది 40 కిలోలే. అందుకే ఆమె సంచీలో చిన్న వేలాడే తక్కెడ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇత్తడి గంగాళం ఎంత నచ్చినా మనసు చంపుకోవాల్సిందే.

ఎర్ర డయల్ చెప్పిన పాఠం

మొదట్లో ఆమె ఎక్కువగా కొన్నవి వాచీలు. హెచ్ఎంటీ వాచీలంటే ఓ తరానికి ఎంత మమకారమో చెప్పనక్కర్లేదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన తయారీ అది. పదో తరగతి పాసైతే, పెళ్లి కుదిరితే, ఉద్యోగమొస్తే చేతికి హెచ్ఎంటీనే. హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి 2016 జనవరిలో కేంద్రం నిర్ణయం తీసుకున్నాక పాత జనతా, పైలట్ వాచీల కోసం వెతికేవాళ్లు ఇంకా పెరిగారు.

ముంబయిలో ఒకే బండి మీద మెరిసిపోతూ తొమ్మిది కనబడ్డాయి. ఎర్ర డయల్ ఒకటి, నారింజ రంగుది ఒకటి, చిలకాకుపచ్చ ఇంకొకటి. ఒక్కోటి ఆరొందలకి తొమ్మిదీ కొనేశారు. అయిదు రోజుల్లో ఆరు అమ్ముడుపోయాయి. ఏడోరోజు ఓ కొనుగోలుదారు నుంచి సందేశం. 'అమ్మా, ఈ రంగు డయల్ హెచ్ఎంటీ ఎప్పుడూ చేయలేదు.'

ఆరా తీస్తే తేలిందేమిటంటే, లోపలి యంత్రం హెచ్ఎంటీదే. డయల్ మాత్రం కొత్తగా రంగు వేసి అచ్చు గుద్దింది. ముల్లులు ఇంకో వాచీవి. కేసు మరోదాంది. నాలుగు వాచీల భాగాలు కలిపి ఒకటి చేస్తారు. వాచీలు సేకరించే విదేశీయులు వీటికి 'ముంబయి స్పెషల్' అని వెటకారంగా పేరు కూడా పెట్టారు. పని బాగానే చేస్తుంది. టైమూ చూపిస్తుంది. అలా రంగు వేసిందని చెప్పి అమ్మితే తప్పు లేదు. అసలుదని చెబితేనే మోసం.

ఆరుగురికీ ఆమె తనంతట తానే ఫోన్ చేశారు. నలుగురు వాచీ తిరిగి పంపి డబ్బు తీసుకున్నారు. ఒకాయన ఉంచుకుంటాననీ సగం ధర వెనక్కిమ్మనీ అన్నారు. ఇంకొకరు తన కొడుక్కి నచ్చిందని పైసా అడగలేదు. కొరియర్ ఖర్చులతో కలిపి ఆ నెల చిట్టీ డబ్బులు అందులోనే పోయాయి. ఇంట్లో వారం రోజులు ఆ మాటెత్తలేదట. ఇప్పుడు వాచీ కొంటే ముందు భూతద్దంతో అక్షరాల అంచులు చూస్తారు. పాత అచ్చులో అంచు పదునుగా ఉంటుంది. కొత్తగా గుద్దిందైతే కాస్త పాకినట్టు కనబడుతుంది. డయల్ తళతళలాడుతుంటే అసలు చేతిలోకే తీసుకోరు. యాభయ్యేళ్ల వాచీ మొహం మీద ఓ మచ్చయినా ఉండాలిగా!

ఇత్తడి విషయంలో జరిగింది ఇంకో తమాషా. మొదటి విడత తెచ్చిన సామానంతటినీ చింతపండు పెట్టి తెల్లవార్లూ తోమారు. బంగారంలా మెరిశాయి. ఎవరూ కొనలేదు! పాత వస్తువు కొనేవాళ్లకి కావాల్సింది ఆ నల్లబారిన రంగే. ఇప్పుడు దుమ్ము తుడిచి ఫొటో తీయడమే. వంటకి వాడతామన్నవాళ్లకి మాత్రం కళాయి వేయించి పంపుతారు.

అమ్మకూడనివీ ఉన్నాయి

ఈ వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవారు కచ్చితంగా తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. పురావస్తువులు, కళాసంపదల చట్టం, 1972. వందేళ్లు దాటిన విగ్రహం, నాణెం, చిత్రం, పనితనమున్న వస్తువు ఏదైనా దాని ప్రకారం పురావస్తువే. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లే. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు.

ఈ చట్టంలో గమ్మత్తేమిటంటే గీత ఏటా ముందుకి జరుగుతూ ఉంటుంది. నిరుడు మామూలు పాత నాణెం ఈ ఏడు పురావస్తువైపోతుంది. నిజాం కాలం నాటి చార్మినార్ బొమ్మ వెండి రూపాయలు హైదరాబాద్ సంతల్లో కనబడుతూనే ఉంటాయి. వాటి మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. మన లెక్కలోకి మార్చుకుని చూస్తే చాలావాటికి వందేళ్లు నిండిపోయాయి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఎక్కువగా అడిగేవి అవే. ఆమె వద్దంటారు. వయసు అనుమానంగా ఉన్న వస్తువుని విదేశాలకు పంపాలంటే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. దంతం, పులిగోరు లాంటివి ఎంత పాతవైనా వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఓసారి ముంబయిలో తాటాకుల కట్ట చూపించారట. తెలుగు లిపి. వెయ్యి రూపాయలు. అరగంట అక్కడే నిలబడ్డారు. కొనలేదు. వదిలేసి వచ్చినందుకు ఇప్పటికీ బాధే. అది ఎవరి చేతిలో పడిందో!

సంతలో అదృష్టం తగిలినవాళ్ల కథలు మాత్రం కొదవలేనన్ని. 1989లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకాయన ఫ్రేము బావుందని నాలుగు డాలర్లకి పాత పటం కొన్నాడు. ఫ్రేము విప్పితే బొమ్మ వెనక అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ముద్రణ ప్రతి మడిచిపెట్టి ఉంది. రెండేళ్లకి వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. దీనికి సరిగ్గా ఎదురు కథ కూడా ఉంది. సంతలో ఏడు డాలర్లకి దొరికిందంటూ ఒకావిడ రెన్వార్ చిత్రాన్ని వేలానికి తెచ్చింది. తీరా చూస్తే అది 1951లో బాల్టిమోర్ మ్యూజియం నుంచి చోరీ అయింది. 2014లో కోర్టు దాన్ని మ్యూజియానికే ఇచ్చేసింది. మొదటి కథ అందరికీ తెలుసు. ఆమె పిల్లలకి చెప్పేది రెండోది.

దుకాణానికి తలుపుల్లేవు

ఆన్‌లైన్ వ్యాపారానికి ఆది పురుషుడనదగ్గ ఈబే 1995లో మొదలైంది. అందులో మొట్టమొదట అమ్ముడైంది పనిచేయని లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. పాడైపోయిన వస్తువుకీ ఎక్కడో ఓ కొనుగోలుదారుంటాడని అప్పుడే తేలిపోయింది. మనదేశంలో బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొంది. 2018లో ఈబే ఇండియా మూతపడింది. ఇప్పుడు చిన్న దుకాణాలన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లోనే.

ఆమె దుకాణమూ అంతే. రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే అక్కడే ఫొటోలు. పొద్దుటి వెలుతురుకి మించిన లైటు లేదంటారు. పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. సొట్ట ఉంటే సొట్టకి దగ్గరగా ఇంకో ఫొటో. షోలాపూర్ వచ్చేలోపు రెండు వస్తువులు అమ్ముడుపోయిన రోజులున్నాయి. సిగ్నల్ పోయి, అదే వస్తువుని ఇద్దరికి ఖాయం చేసేసిన రోజూ ఉంది.

లాభమెంత? ఆమె నోటుపుస్తకంలో ఓ దీపపు సెమ్మె లెక్క ఇలా ఉంది. కొన్నది 550. ప్రయాణ ఖర్చులో దాని వంతు 90. అట్టపెట్టె, బబుల్ షీటు 45. కొరియర్ 160. మొత్తం 845. అమ్మింది 1,350కి. మిగిలింది 505. అది కూడా నలభై రోజులు అలమరాలో కూర్చున్నాక. పింగాణీ జాడీ దారిలో పగిలితే ఇలాంటివి మూడు అమ్మాలి. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులు ఇంకా సున్నితం. లక్కతో చేసినవి కదా, కిందపడితే అప్పడమే. రెండు చెక్క అట్టల మధ్య పెట్టి కడితేనే ప్రాణాలతో చేరతాయి.

పన్నుల సంగతి కూడా ముందే చూసుకోవాలి. సొంత రాష్ట్రంలో చిన్నస్థాయిలో అమ్ముకుంటే వెసులుబాటు ఉంది కానీ, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే సాధారణంగా జీఎస్‌టీ నమోదు తప్పదు. పాత వస్తువులు కొని అమ్మేవాళ్లు కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను కట్టే వీలుంది. ఈ సంగతి తెలియక మొత్తం ధర మీద కట్టేవాళ్లున్నారు. ఇక మోసగాళ్లు సరేసరి. 'డబ్బు పంపాను, పిన్ కొట్టి తీసుకోండి' అంటూ సందేశమొస్తే అక్కడితో ఆపేయాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

నీళ్ల డ్రమ్ము మీది మూత

ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు కాలిబాట అంతా పుస్తకాలదే. ఢిల్లీ దరియాగంజ్ పుస్తకాల సంతను కోర్టు ఉత్తర్వుతో 2019లో రోడ్డు మీంచి మహిళా హాట్‌కి తరలించారు. అబిడ్స్ మాత్రం ఫుట్‌పాత్ మీదే నడుస్తోంది. వపా ముఖచిత్రాలున్న పాత చందమామలు దొరికితే పండగే. అవి పెట్టిన గంటలో పోతాయి. స్కాన్ చేసి పంపమనేవాళ్లుంటారు. అది కాపీరైటు ఉల్లంఘన. ఉన్న ప్రతిని అమ్మడమే ఆమె పని.

అబిడ్స్ అయ్యాక ఎర్రగడ్డ. ఎర్రగడ్డ గురించి అడిగితే ఆమె కాస్త తటపటాయించారు. రెండేళ్ల కిందట అక్కడో ముసలావిడ పాత డబ్బాలు అమ్ముతోంది. పక్కన నీళ్ల డ్రమ్ము. దాని మీద మూతగా వేసిన రేకు ఓ సైకిల్ కంపెనీ పాత ఎనామెల్ బోర్డు. అంచులు మాత్రమే పెచ్చులూడాయి. అది అమ్మకానికి పెట్టింది కూడా కాదు.

''అమ్మా, ఆ రేకు ఇస్తావా?''

''దాన్నేం జేస్తవు బిడ్డా? మూడొందలియ్యి. డ్రమ్ముకి ఇంకోటి కొనుక్కుంట.''

బేరమాడకుండా ఇచ్చేశారు. మూడోరోజు అది అయిదు వేల రెండొందలకి అమ్ముడైంది. బెంగళూరులో ఓ హోటల్ వాళ్లు గోడకి పెట్టుకోవడానికి కొన్నారు. ఇందులో తప్పేముంది? అడిగిన ధర ఇచ్చారు. వెతికే కన్ను, తిరిగే కాళ్లు, ఫొటో, ప్యాకింగ్ అన్నీ ఈవిడవే. సంత ధర్మం కూడా అదే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మరుసటి ఆదివారం కవర్లో పదిహేనొందలు పెట్టుకుని వెళ్లారు. ఆ చోట వేరే ఎవరో చెప్పులు పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్లారు. ఆ ముసలావిడ మళ్లీ కనబడలేదు. కవరు ఇంకా బీరువాలోనే ఉంది.

అప్పట్నుంచి వస్తువు విలువ తనకి తెలిసి, అమ్మేవాళ్లకి బొత్తిగా తెలియదనిపిస్తే అడిగినదానికన్నా ఎంతో కొంత ఎక్కువే ఇస్తున్నారు. జుమ్మేరాత్ బజార్‌లో దీనికి నవ్వుకునేవాళ్లూ ఉన్నారు.

ఆమె వెతుకుతున్నది ఇంకొకటి కూడా ఉంది. ఆమె పుట్టిల్లు పశ్చిమగోదావరి జిల్లా. అమ్మమ్మ పెళ్లికి అజ్జరంలో చేయించిన ఇత్తడి బిందె ఒకటుండేది. మెడ కింద చుక్కలు కొట్టి అమ్మమ్మ పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు, సంవత్సరం. ఆ రోజుల్లో సారె సామాన్లకి పేరు కొట్టించకుండా పంపేవారు కాదు. వాళ్ల చిన్నప్పుడు, వీధిలోకి స్టీలు సామాన్లవాడొచ్చినప్పుడు అమ్మ ఆ బిందె ఇచ్చేసి రెండు స్టీలు డబ్బాలు, ఓ టిఫిన్ క్యారేజీ తీసుకుంది. ఇత్తడి బిందె తోముకోలేక చేతులు పడిపోతున్న రోజులవి. ఊళ్లో అందరూ అదే పని చేశారు. అలా పోయినవాటిలో చాలామటుకు కరిగి పిడులో, కుళాయిలో అయిపోయి ఉంటాయి. అయినా ఏ సంతలో ఏ బిందె కనబడినా ఆమె ముందు మెడ తిప్పి పేరు చదువుతారు. ఎవరెవరివో పేర్లు. ఎవరివైనా సరే, అరగదీయించకుండా అలాగే అమ్ముతారు.

అమ్మ ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నారు. ఈ వ్యాపారంలో ప్యాకింగ్ విభాగమంతా ఆవిడదే. ముంబయి నుంచి వచ్చిన సంచీ విప్పి, ఒక్కోటీ తుడిచి వరసగా పెడతారు. జుమ్మేరాత్ బజార్‌లో కొన్న మరచెంబుకి డబ్బాలోని పదకొండు మూతలూ పెట్టి చూసింది ఆవిడే. ఒక్కటీ పట్టలేదు. బిందె మాటెత్తితే మాత్రం చేతిలో టేపు ఆపకుండానే అంటారు:

''దొరికితే తెచ్చుకో. తోమమని మాత్రం నన్నడక్కే తల్లీ!''